రోజు ఎప్పుడు ప్రారంభమవుతుంది?

తెలుగు పాఠం చెప్పేవారికి కంప్యూటరు సంగతులతో పనేమిటని విద్యార్థి మిత్రులు అడుగవచ్చు. వార్షిక సంచికకు వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు కోరినప్పుడు మేమూ ఛందస్సును గూర్చియో, కథానికను గూర్చియో వ్రాయాలనే తలచాము. కాని వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఈ ఏడు ప్రాజెక్టుగా ఎంచుకున్న విషయం విన్న పిమ్మట మాకవరపాలెంలోని మా మేనమామగారు గుర్తుకు వచ్చారు. కర్మాగారంలో ఉత్పత్తిని కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేరును, కచేరీలో కొనుగోళ్లు, చెల్లింపులు, జమాఖర్చులు చూసే వ్యవస్థతో జోడించడం ఆ విషయం.

మన పూర్వపు వర్తకులకు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. ఏనాటి లావాదేవీ ఆనాడే చిట్టాకెక్కేది. దానిని ఖాతాలవారీగా విడదీసి ఆవర్జాలో వ్రాసేవారు. నేటి కర్మాగారంలో యంత్రాల చెంతనుండే సాఫ్ట్‌వేరు చిట్టా వంటిది. ఎంత సరకు వచ్చింది, ఏ యంత్రం ఎంతసేపు ఆగింది, ఏ షిఫ్టులో ఎంత తయారైంది అన్నది ఎప్పటికప్పుడు నమోదు చేస్తుంది. ఇ.ఆర్.పి. అని వ్యవహరించే ప్రణాళికా వ్యవస్థ ఆవర్జా వంటిది. ఆ పేరు 1990లో అమెరికాలోని గార్ట్‌నర్ సంస్థవారు పెట్టినది. ఒక పుస్తకం నుండి రెండవదానికి అంకెలెక్కించే గుమాస్తా స్థానంలో నేడు ఒక ప్రోగ్రాము కూర్చున్నది. సందేహం వస్తే గుమాస్తా లేచి వెళ్లి అడిగేవాడు. ప్రోగ్రాము అడగదు.

మేము మామూ అని పిలిచే ఆ మేనమామగారు ఒక చక్కెర కర్మాగారంలో కాటా గుమాస్తాగా పనిచేశారు. మా ప్రాంతం చెరకుకు పెట్టింది పేరు. అనకాపల్లి బెల్లం సంగతి ఎరుగనివారుండరు. క్రషింగ్ కాలంలో బండ్లు, ట్రాక్టర్లు రాత్రంతా కాటా ముందు బారులు తీరి ఉండేవి. నిండు బండిని, ఖాళీ బండిని తూచి, చెరకు బరువును చీటీపై వ్రాసి రైతు చేతికివ్వడం మామూ పని. ఆ చీటీయే రైతుకు పైకం. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అప్పగించిన 14 రోజులలో ధర చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కలపాలి.

మేము ఎం.ఏ. చదివే కాలంలో ఆ కర్మాగారంవారు కాటా కంప్యూటరును కచేరీ వ్యవస్థతో కలిపారు. కలిపిన కొద్దిరోజులకే చిక్కు వచ్చింది. ఏ తేదీ మొత్తమూ ఆ తేదీకి సరిపడలేదు. సరిపడని చీటీలను ప్రోగ్రాము పక్కన పెట్టింది. అవన్నీ రాత్రి షిఫ్టువి. అన్నిటి మీదా మామూ సంతకమే. చెల్లింపులు నిలిచిపోయాయి. విచారణ ముగిసేవరకు విధులకు రావలదని ఆయనకు కాగితమిచ్చారు. పైకం అందని రైతులలో మా వీథివారు కూడా ఉన్నారు. మామూ వీథిలోకి రావడం మానివేశారు. మసీదుకు సైతం అందరూ వెళ్లిపోయిన తరువాత వెళ్లేవారు.

సెలవులకు వెళ్లినప్పుడు ఆయన మమ్ము ఒక్కటే ప్రశ్న అడిగారు: “నీవైనా నన్ను నమ్ముతున్నావా, బేటా?” మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. కంప్యూటరు తప్పు చెప్పదని అప్పుడు మేమూ అనుకునేవారము. ఆ క్షణకాలపు మౌనం నేటికీ మమ్ము బాధిస్తూనే ఉన్నది.

చిక్కు విప్పినవారు కూడా మామూయే. విచారణకు వచ్చిన యువ ఇంజనీరును ఆయన అడిగారట: “బాబూ, మీ కచేరీలో రోజు ఎప్పుడు మొదలవుతుంది?”

“రాత్రి పన్నెండింటికండీ.”

“మా కాటాకు తెల్లవారి ఆరింటికి. మా ఇంట రంజాను నెల సూర్యుడు గుంకగానే మొదలవుతుంది. పురోహితులవారి పంచాంగంలో సూర్యోదయంతో. మరి మీ యంత్రానికి ఏ రోజు చెప్పారు?”

అర్ధరాత్రికి, ఉదయం ఆరు గంటలకు నడుమ తూచిన బండ్లు కాటా లెక్కలో ముందురోజువి, కచేరీ లెక్కలో మరునాటివి. చీటీలను తూచిన వేళను బట్టి మళ్లీ పేర్చి చూస్తే ఒక్క కిలో కూడా తేడా రాలేదు. పిదప ప్రతి చీటీతో తూచిన తేదీ, గంట ఒక గడిలోను, క్రషింగ్ రోజు, షిఫ్టు వేరొక గడిలోను పంపే ఏర్పాటు చేశారు.

ఇట్టి చిక్కులు లోకమంతటా ఉన్నవే. అందుకొరకే 2000లో అమెరికాలో ఐ.ఎస్.ఎ.-95 అనే ప్రమాణంలోని మొదటి భాగం వెలువడింది. అది కర్మాగారపు పనిని సున్న నుండి నాలుగు వరకు అంతస్తులుగా విభజించింది. మూడవది ఉత్పత్తి నిర్వహణ, నాలుగవది వ్యాపార ప్రణాళిక. సరకు, యంత్రం, మనిషి, పని అనే మాటలకు ఈ రెండు అంతస్తులవారూ ఒకే అర్థం చెప్పుకోవాలన్నది దాని సారాంశం. ఇంకా రెండు జాగ్రత్తలు అవసరం. ప్రతి చీటీకి మారని నంబరొకటి ఉండాలి. లేనిచో ఒకే బండి రెండుమార్లు లెక్కకెక్కుతుంది. ఉక్కు కర్మాగారాలలో కరగించిన ప్రతి విడతకు ‘హీట్’ నంబరు ఇచ్చి చివరివరకు దానినే నడపడం ఇందుకే. కరెంటు గాని, లైను గాని పోయినప్పుడు కాటా వద్ద లెక్క నిలువ ఉండి, లైను రాగానే వరుస తప్పక వెళ్లాలి.

రైతులకు పైకం అందింది. మామూను తిరిగి రమ్మన్నారు. అయితే ఆ కాగితంలో పొరపాటు ఎవరిదో వ్రాయలేదు. ఆయనను పనికి రావద్దన్న వార్త ఊరంతా ఒక్కపూటలో తెలిసింది. నిర్దోషి అన్న వార్తను మాత్రం మేమే ఇంటింటికీ వెళ్లి చెప్పవలసి వచ్చింది. మా మౌనానికి మేము చేసుకోగలిగిన ప్రాయశ్చిత్తం అంతమాత్రమే.

జమ, ఖర్చు, బాకీ, రసీదు వంటి మాటలు ఉర్దూలోను, తెలుగులోను ఒకే అర్థంతో చెల్లుతున్నాయంటే, ఆ భాషలవారు పక్కపక్కన కూర్చుని లెక్కలు చూసుకున్నందువల్లనే. మన విద్యార్థులలో పలువురు రేపు ఇట్టి ఉద్యోగాలకు వెళ్లేవారు. రెండు యంత్రాలను కలిపే ముందు ఒక్క రాత్రి కాటా వద్ద నిలబడి, అక్కడి గుమాస్తాను ఆయన మాటలకు అర్థమేమిటో అడిగి తెలుసుకోండి. లెక్కలో తేడా కనిపించిన నాడు మనిషిని అనుమానించే ముందు, రెండు చోట్లా రోజు ఎప్పుడు ప్రారంభమవుతుందో చూడండి. ఇదే మా మనవి.