మా అంబాసిడరు ఊపిరిగొట్టాలు

పెళ్లికెదిగిన పిల్ల ఉన్న ఇంటికీ, పాత కారు ఉన్న ఇంటికీ సలహాలకు కరువుండదు. ఒకరు అమ్మేయమంటారు. ఒకరు ప్రాణం పోయినా అమ్మవద్దంటారు. మూడో ఆయన ఇంజను తీసేసి డీజిల్‌ది పెట్టించమంటాడు. చెప్పేవారందరూ కాఫీ తాగి వెళతారు. కారు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

మాది 1967 నాటి అంబాసిడరు, మార్క్ టూ. ఆ రోజుల్లో కారు కావాలంటే డబ్బు కట్టి, ఏళ్ల తరబడి వంతు కోసం కాచుకోవాలి. మా నాయన అలా కాచుకుని తెచ్చిన బండి ఇది. 1950ల చివర బెంగాల్లోని ఉత్తరపారాలో మొదలైన ఈ అంబాసిడర్ల పుట్టుక 2014లో ఆగిపోయింది. నందికొట్కూరులో ఒకప్పుడు పెళ్లికొడుకు ఊరేగాలన్నా, ఆసుపత్రికి మనిషిని కర్నూలు చేర్చాలన్నా ఇలాంటి బండ్లే దిక్కు. ఇప్పుడు మా వీధి పిల్లలు దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు.

ఈమధ్య ఆ బండికి ఒక జబ్బు చేసింది. పొద్దున్నే స్టార్టు చేయగానే ఇంజను పక్కనుంచి గోడగడియారంలా టిక్ టిక్‌మని చప్పుడు. నాలుగు మైళ్లు పోయేసరికి ఆ చప్పుడు మాయం. "వేడెక్కితే సర్దుకుంటోంది, ఏమీ కాదులే" అని మా బంధువులలో తెలిసినవారొకరు సెలవిచ్చారు. కానీ వెనుక సీట్లో కూర్చున్న మా అమ్మ, ఎనభై నాలుగేళ్ల మనిషి, ఆత్మకూరు దాకా వెళ్లి వచ్చిన రోజల్లా తల పట్టుకుని పడుకునేది. ఎండ వల్ల అనుకున్నాం. వయసు వల్ల అనుకున్నాం.

మా మెకానిక్ భాయ్ బానెట్ ఎత్తి, టార్చిలైటు వేసి, వేలితో ఒకచోట తుడిచి చూపించాడు. వేలికి నల్లటి మసి.

"మానిఫోల్డు చీలింది సార్. చల్లగా ఉన్నప్పుడు సందు తెరుచుకుంటాది, వేడికి బీడు సాగి మూసుకుంటాది. అందుకే చప్పుడు పోతాది. పొగ మాత్రం పూర్తిగా పోదు. అమ్మకు తలనొప్పి అందుకే."

నాకు గుండె ఝల్లుమన్నది. ఇంజను వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత మత్తు, ఆ తర్వాత ఇక చెప్పేది లేదు. పాత కారులో ఇంజనుకూ మనకూ మధ్య ఉన్న రేకుకు తీగలకోసం, పెడళ్లకోసం చేసిన బెజ్జాలు బోలెడు. రబ్బర్లన్నీ ఎండి రాలిపోయి ఉంటాయి. ఆ దారినే పొగ లోపలికి వస్తోంది.

మానిఫోల్డంటే తెలియనివారికి ఒక మాట. ఇంజను ప్రతి సిలిండరులోనూ పెట్రోలు మండాక మిగిలిన వేడిగాలిని బయటికి తోస్తుంది. ఆ గాలులన్నిటినీ ఒకచోట కలిపి సైలెన్సరు గొట్టానికి అప్పగించే బీడు ముక్కే మానిఫోల్డు. ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుంటే, నాలుగు సిలిండర్లూ కలిసి 8,000 సార్లు ఊపిరి వదులుతాయి. అంటే సెకనుకు 130కి పైమాటే.

ఈ సంగతి అమెరికాలో డల్లాస్‌లో ఉన్న మా అక్క కొడుకు చెవిన పడింది. వాడి దగ్గర 1967 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఉంది. ఎనిమిది సిలిండర్లు, 4.7 లీటర్ల ఇంజను. మా కారుదీ వాడి కారుదీ ఒకే సంవత్సరం కావడంతో, వాడు నన్ను వియ్యంకుడిలా చూస్తాడు. ఆ రాత్రే ఫోను.

"మామా, ఆ బీడు ముక్క పారేసి హెడర్లు పెట్టించు. ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క పొడుగాటి ఉక్కు గొట్టం. ఒకదాని ఊపిరి గొట్టంలోంచి దూసుకుపోతుంటే దాని వెనక వెలితి ఏర్పడి, పక్కదాని ఊపిరిని లాగుతుంది. బలం పెరుగుతుంది. శబ్దమైతే వినితీరాలి!"

వాడు చెప్పినది అబద్ధం కాదు. అమెరికా వాళ్ల ఎనిమిది సిలిండర్ల బండ్లలో ఒక పక్కనున్న నాలుగింటిలో రెండు వెంటవెంటనే ఊపిరి వదులుతాయి. కురచ బీడు పెట్టెలో అవి ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. గొట్టాలు విడదీస్తే ఆ తగవు తీరుతుంది. 1965లో షెల్బీ జీటీ 350 అనే మస్టాంగును హెడర్లతోనే అమ్మారు. గొట్టం పొడుగ్గా, సన్నగా ఉంటే తక్కువ వేగంలో లాగుడు బాగుంటుంది. పొట్టిగా, లావుగా ఉంటే ఎక్కువ వేగంలో బలం వస్తుంది. ఇదంతా లెక్కకు అందిన శాస్త్రమే.

ఆశ పుట్టకపోలేదు. మరునాడు భాయ్‌ని అడిగాను. ఆయన నవ్వి, పాత హెడ్డొకటి తెచ్చి నా ముందు పెట్టాడు.

"చూడండి సార్. నాలుగు సిలిండర్లుండాయి. పొగ పోయే ద్వారాలు మూడే. ఒకటికి ఒకటి, నాలుగుకు ఒకటి, రెంటికీ మూటికీ కలిపి నడిమిది ఒకటి. గొట్టం ఎంత బాగా చేయించినా గొంతు ఒకటే గదా?"

నిజమే. ఈ 1489 సీసీ ఇంజను ఇంగ్లండులోని బీఎంసీ వారి బీ సిరీస్ సంతానం. పుట్టుకతోనే నడిమి రెండు సిలిండర్లకూ ఉమ్మడి గడప. అయితే మండే వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు గనుక, ఆ ఉమ్మడి గడప దగ్గర తోపులాట లేదు. ఒకటి వదిలాక ఇంజను పూర్తిగా ఒక చుట్టు తిరిగితేగాని రెండోది వదలదు. ఉమ్మడి కాపురంలో తోడికోడళ్లు వంతులవారీగా వంట చేసుకున్నట్టు. మూడు గొట్టాల హెడరు ఈ ఇంజనుకూ అమర్చవచ్చు. కానీ కార్బురేటరు, క్యామ్ పాతవే ఉంచి, సుమారు 50 గుర్రాల బలం గల బండికి గొట్టాలొక్కటీ మార్చితే ఒరిగేది స్వల్పం.

పోయేది మాత్రం కొంత ఉంది. ఉక్కు గొట్టం పలుచన. దాని వేడి ఇంజను గదిలోకి ఎక్కువగా కొడుతుంది. ఈ ఇంజనులో కార్బురేటరు కూడా అదే పక్కన, నెత్తిమీదనే ఉంటుంది. మే నెలలో మా నందికొట్కూరు ఎండకు గొట్టాల వేడి తోడైతే పెట్రోలు గిన్నెలోనే ఉడుకుతుంది. పైగా పలుచని పట్టీ వేడికి వంకరపోతే ప్యాకింగు కాలి మళ్లీ పొగ. ఏ పొగను ఆపాలని బయలుదేరామో, ఆ పొగకే కొత్త ద్వారం తెరిచినవాళ్లమవుతాం.

చట్టం సంగతీ చూశాను. సైలెన్సరు లేకుండా గొట్టం మోగిస్తే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజి నంబరు ఇచ్చే నియమాలు 2021లో వచ్చాయి. అందుకు ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఆ నంబరు తీసుకుంటే రోజువారీ తిప్పకూడదు గనుక మేమింకా దాని జోలికి పోలేదు. అయినా నాయన ఉంచినది ఉంచినట్టే ఉంటే రేపు మా పిల్లలకు ఆ దారి మూసుకుపోదు.

చివరకు అమ్మను అడిగాను. ఆమె రెండు పక్షాలూ విని, "ఆ గొట్టాలు మోగాలనా నాయనా, మనం శ్రీశైలం పోవాలనా?" అన్నది. తీర్పు అయిపోయింది.

ఇక మిగిలింది బీడు. చీలినదానిని అతికించవచ్చు. ముక్కను మొత్తం బాగా వేడిచేసి, నికెలు కడ్డీతో వెల్డింగు చేసి, బూడిదలో కప్పి నిదానంగా చల్లార్చాలి. తొందరపడితే అతుకు పక్కనే మళ్లీ చీలుతుంది. మా చీలిక నడిమి ద్వారం దగ్గర కావడంతో భాయ్‌కి నమ్మకం కుదరలేదు. విప్పేసిన మరో అంబాసిడరు మానిఫోల్డు వెతికి తెచ్చాడు. సుత్తితో మెల్లగా తట్టి, గంటలా మోగితేనే తీసుకున్నాడు. చీలిన బీడు బొంగురుగా పలుకుతుందట. దాని ముఖాన్ని మిషనుమీద చదును చేయించి, కొత్త ప్యాకింగు వేసి, తుప్పుపట్టి బిగుసుకోకుండా ఇత్తడి నట్లు బిగించాడు. బండి నాలుగైదుసార్లు వేడెక్కి చల్లారాక మళ్లీ వచ్చి బిగించి వెళ్లాడు. ముందు రేకు బెజ్జాలన్నిటికీ కొత్త రబ్బర్లు వేశాడు.

కార్తీకం రద్దీ తగ్గాక ఒక బుధవారం బయలుదేరాం. ఆత్మకూరు దాటి, నల్లమల అడవిలో బైర్లూటి మీదుగా దోర్నాల చేరి, అక్కడినుంచి ఘాటు ఎక్కాం. వెనక బస్సులు హారను కొడుతూనే ఉన్నాయి. మాది మాత్రం రెండో గేరులో తన మర్యాద తాను కాపాడుకుంటూ ఎక్కింది. శిఖరం దగ్గర దిగి అమ్మ నంది కొమ్ముల మధ్యనుంచి గుడివైపు చూసి దండం పెట్టుకుంది. "తల ఎట్లా ఉందమ్మా?" అన్నాను. "తలకేమి, ఆకలైతాంది" అన్నది.

ఇంట్లో పాత బండి ఉన్నవారికి నా మనవి ఒక్కటే. పొద్దుటి పూట ఆ టిక్ టిక్ వినిపిస్తే, వేడెక్కాక పోతోంది కదా అని ఊరుకోకండి. వెనుక సీటువారికి తలనొప్పి వస్తోందేమో అడగండి. హెడర్లా, బీడా అన్న తగవు ఆ తర్వాత తీరిగ్గా తీర్చుకోవచ్చు. సంక్రాంతికి వస్తున్న మా మేనల్లుడు మాత్రం ఇంకా పట్టు వదలలేదు. మూడు గొట్టాల కొలతలు అప్పుడే రాసి పంపాడు.