నడిమి గోడ

మొన్న మా భౌతికశాస్త్రోపన్యాసకులొకరు ఒక వింత చెప్పిరి. రెండు పలుచని ఇనుప పొరల నడుమ సుమారు ఒక నానోమీటరు మందమున క్రోమియము నుంచినచో, ఆ పొరల అయస్కాంతత్వములు పరస్పర విముఖములగును. 1986లో పీటర్ గ్రూన్‌బెర్గ్ బృందము దీనిని గుర్తించినది. ఆ విముఖ స్థితిలో విద్యుత్తునకు నిరోధము హెచ్చు. బయటి అయస్కాంత క్షేత్రము వానిని ఏకముఖము చేసినంతనే నిరోధము తగ్గును. ఈ సంగతిని 1988లో గ్రూన్‌బెర్గ్, ఆల్బర్ట్ ఫెర్ట్ వేర్వేరుగా కనుగొనిరి; 2007లో నోబెల్ బహుమతి నందిరి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకే ఇంట, నడిమి గోడకు అటొకరు ఇటొకరుగా, తమ్ముడును నేనును మూడేండ్లుగా మాటలాడుట లేదు. అమ్మీయే మా మాటలు మోయుచున్నది; ఆమెకెంత నిరోధము! తెల్లవారగానే నేనే వాని గడప త్రొక్కి, "ఛోటే, చాయ్ తాగుదమా?" అంటిని. వాడు బదులాడక రెండవ గ్లాసు కడిగెను.