ఇంటి నేల

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఇల్లు కట్టే గృహస్థు గోడల గురించి ఆలోచిస్తాడు. పైకప్పు గురించి ఆలోచిస్తాడు. వీధి గుమ్మానికి ఏ కర్ర మేలని పదిమందిని అడుగుతాడు. నేల సంగతి చిట్టచివరకు గాని జ్ఞప్తికి రాదు. అప్పటికి చేతిలోని సొమ్ము కరిగిపోయి ఉంటుంది. నిజానికి ఇంట్లో మనిషి శరీరానికి అహర్నిశలు తగిలి ఉండేది గోడ కాదు, కప్పు కాదు, నేలే. పసిపాప పాకేది నేలమీద. పండుముసలి చాప పరచుకొని నడుము వాల్చేది నేలమీద.

తెలుగులో ఇంటి అడుగునూ, పంట పండే భూమినీ ఒకే మాటతో ‘నేల’ అంటారు. ఈ రెండు నేలలకూ ఉన్న సంబంధం పట్టణవాసులకు సులభంగా కనిపించదు. బొర్రా కొండల్లో ఒక కుటుంబం తన ఇంటిలోని ఒక్క గదికి చెక్క నేల వేసుకున్న వృత్తాంతం ఆ సంబంధాన్ని చక్కగా తెలియజేస్తుంది.

బొర్రా తూర్పు కనుమలలోని గిరిజన గ్రామం. అనంతగిరి మండలానికి చెందిన ఈ ఊరు 2022లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. ఇక్కడి సున్నపురాతి గుహలు లోకప్రసిద్ధాలు. బొట్టుబొట్టుగా జారిన నీరు యుగయుగాలుగా రాతిని కరిగించి, మళ్ళీ ఆ రాతినే స్తంభాలుగా పేర్చిన వింత అక్కడ కనిపిస్తుంది. 1960ల దశకంలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని సముద్రతీరానికి చేర్చడానికి నిర్మించిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఈ ఊరి మీదుగానే సాగుతుంది. యాత్రికులు రైలు దిగి గుహలు చూచి వెళ్ళిపోతారు. ఊరివారి ఇళ్ళలోకి తొంగిచూచేవారు తక్కువ.

ఆ ఇళ్ళలో పూర్వం మట్టి నేలలే ఉండేవి. ఎర్రమట్టి పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, పైన పేడనీళ్ళతో అలికేవారు. అలుకు ఆరిన నేల పాదానికి మెత్తగా, పొడిగా తగిలేది. తరువాత సిమెంటు ఇళ్ళు వచ్చాయి. గచ్చులు వచ్చాయి. వాటి వెంట నున్నని పలకరాళ్ళు వచ్చాయి. వారం వారం అలికే శ్రమ తప్పిందని ఇల్లాండ్రు సంతోషించారు. ఆ సంతోషంలో న్యాయం లేకపోలేదు. అయితే చలికాలం రాగానే కొత్త నేల గుణం బయటపడింది.

ఆ ఊరి ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయుడొకరు తన పాత ఇంటి స్థానంలో సిమెంటు ఇల్లు కట్టించాడు. తండ్రి గతించాడు. తల్లి డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. జీవితమంతా నేలమీదనే కూర్చుని, నేలమీదనే పడుకొన్న ఆమెకు మంచం సహించదు. పుష్యమాసంలో మంచు కొండలమీద నుండి దిగివచ్చి ఇంటి చుట్టూ కమ్ముకున్నప్పుడు, గచ్చుమీద రెండు దుప్పట్లు పరచినా ఆమె మోకాళ్ళు బిగుసుకొనిపోయేవి. తెల్లవారి లేవడానికి కొడుకు చేయి అందించవలసి వచ్చేది. “ఇల్లు బాగుంది బాబూ, నేలే నన్ను ఒప్పుకోవడం లేదు” అన్నదామె ఒకనాడు. కొడుకు ఆ మాటను మరచిపోలేకపోయాడు.

ఒకే గదిలో ఉన్న చెక్కపీట, రాతిపలక ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. అయినా రాయి చల్లగా, చెక్క వెచ్చగా తోస్తుంది. కారణం స్పష్టమే. రాయి శరీరంలోని వేడిని త్వరగా లాగుకొంటుంది. చెక్క నెమ్మదిగా గ్రహిస్తుంది. ఈ సంగతి పిల్లలకు ఏటేటా పాఠంగా చెప్పే ఉపాధ్యాయునికి, తల్లి పడుకునే గదికి చెక్క నేల వేయించాలనే ఆలోచన కలగడం సహజం. గది కొలత పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. అంటే 120 చదరపు అడుగులు. చిన్న కోరికే అనిపించింది. బయలుదేరిన తరువాత గాని దాని బరువు తెలియలేదు.

మొదట ఆయన విశాఖపట్నం వెళ్ళి కలప అడితులు తిరిగాడు. టేకు ధర వినగానే మరి మాట్లాడలేదు. ఒక దుకాణంలో చెక్కవలె కనిపించే పలకలు చవకగా చూపారు. పరిశీలిస్తే అది చెక్క కాదు. కర్రపొట్టును జిగురుతో అదిమి, పైన చెక్క బొమ్మ ముద్రించిన కాగితపు పొర అతికించిన సరుకు. పొడి వాతావరణంలో అది కొంతకాలం నిలుస్తుంది. వర్షాకాలమంతా గోడలు చెమర్చే కొండ ఊళ్ళో అంచుల నుండి నీరు పీల్చి ఉబ్బిపోతుంది. ఉబ్బినదానిని చిత్రిక పట్టి సరిచేయడానికి లోపల కర్ర లేదు. అసలైన కర్ర అరిగినా, మాసినా పైపొర తీసి మళ్ళీ కొత్తది చేసుకోవచ్చు. చవకకు, చౌకబారుతనానికి ఉన్న తేడా ఆయనకు అక్కడ బోధపడింది.

రైలు పట్టాల కింద వేసిన పాత కర్రదిమ్మెలు కొనుక్కోమని మరొకరు సలహా ఇచ్చారు. గుగ్గిలం కర్రకు చేవ ఎక్కువే. కాని దిమ్మెలు చెడిపోకుండా పలుచోట్ల క్రియోసోట్ అనే తారు నూనె పట్టించేవారు. ఆ నూనె కర్రలో లోతుగా ఇంకుతుంది. దాని ఆవిరి ఆరోగ్యానికి హాని చేస్తుంది. వృద్ధురాలు పగలూ రాత్రీ పడుకునే గదికి అది తగదని ఆయన మానుకొన్నాడు.

మూడవ మార్గం తానుగా ఇంటి గుమ్మం ముందుకు వచ్చింది. సగం ధరకే వేగిస పలకలు రాత్రికి రాత్రి దించిపెడతామని ఒక వ్యక్తి కబురు పంపాడు. కాగితాలేవని అడిగితే నవ్వాడు. ఉపాధ్యాయుడు ఆ రాత్రి నిద్రపోలేదు. ఒక వైపు తల్లి మోకాళ్ళు. మరొక వైపు ఏ కొండవాలున ఎవరి కంటపడకుండా కూలిన చెట్టు. ఆ చెట్టు వేళ్ళు పట్టి ఉంచిన మన్ను తొలకరికే ఊటగెడ్డలోకి జారుతుంది. ఆ గెడ్డ నీళ్ళే తన పాఠశాల పిల్లలు తాగుతారు. ఉదయాన ఆయన వద్దని కబురు చేశాడు. ధరలో సగం తగ్గింది గాని, ఆ మిగిలిన సగాన్ని మరెవరో చెల్లిస్తున్నారని ఆయన గ్రహించాడు.

బొర్రా పరిసరవాసులకు నేల విలువ ఒకరు చెప్పవలసినది కాదు. అనంతగిరి మండలంలోని గిరిజన గ్రామాల్లో ఖనిజాల తవ్వకానికి ఇచ్చిన లీజుల మీద ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానానికి వెళ్ళింది. షెడ్యూల్డు ప్రాంతాల్లోని భూములను, ప్రభుత్వ భూములనైనా సరే, గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 1997 జులైలో ఇచ్చిన చరిత్రాత్మకమైన తీర్పు ఆ వ్యాజ్యం నుండి వచ్చినదే. కాలికింది నేల కోసం అంతదూరం నడచిన ప్రాంతంలో, ఇంటి నేల కోసం కొండ నేలను బలిపెట్టడం ఆ ఉపాధ్యాయునికి మనస్కరించలేదు.

ఇట్లా రెండేళ్ళు గడిచాయి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ పెనుతుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. నగరం చెట్లన్నీ నేలకొరిగిన సంగతి లోకానికి తెలుసు. కొండమీది కాఫీ తోటల దుఃఖం అంతగా వార్తల్లోకి రాలేదు. కాఫీ మొక్క నీడలో పెరుగుతుంది. ఆ నీడ కోసం ఇక్కడి రైతులు సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు. ఆస్ట్రేలియా నుండి వచ్చిన ఆ చెట్టు నిటారుగా, వేగంగా పెరుగుతుంది. దాని బోదెకు మిరియాల తీగ పాకుతుంది. గాలికి ఆ చెట్లు విరిగి, వేళ్ళతో లేచి, కాఫీ మొక్కల మీదనే కూలిపోయాయి. ఉపాధ్యాయుని తండ్రి బ్రతికి ఉండగా పట్టా భూమిలో స్వహస్తాలతో నాటిన చెట్లు కూడ ఆ విధంగానే పడిపోయాయి.

కొనేవారు వచ్చి కట్టె ధర చెప్పారు. ఎక్కడ చూచినా కూలిన చెట్లే ఉన్నప్పుడు ధర ఎందుకు పలుకుతుంది? ఉపాధ్యాయుడు దిగులుతో తోటలో నిలబడి ఉండగా తల్లి కర్ర పోటు వేసుకొంటూ వచ్చింది. “పడిన చెట్టును చూసి ఏడుస్తూ కూర్చుంటే చెద పట్టుకుపోతుంది. మీ నాన్న చేతి చెట్టు. ఇంట్లోకి తెచ్చుకో” అన్నది. రెండేళ్ళుగా వెదకిన కలప తన తోటలోనే ఉన్నదని ఆయనకు అప్పుడు స్ఫురించింది.

అటవీశాఖ కార్యాలయానికి వెళ్ళి, తన భూమిలో పడిన చెట్లను కోయించుకోవడానికి ఏ అనుమతి కావాలో తెలుసుకొని, కాగితం చేతికి వచ్చిన తరువాతనే ఆయన వడ్రంగిని పిలిచాడు. వడ్రంగి పెద్దవాడు. చెట్లన్నీ తట్టి చూచి ఉన్నమాట చెప్పాడు. సిల్వర్ ఓక్ టేకు వంటిది కాదు. మధ్యరకం గట్టిదనం గల కర్ర. బల్లలు లాగే చావడికి పనికిరాదు గాని, మనుషులు వట్టికాళ్ళతో తిరిగే పడకగదికి చాలు. దానికి చెద, పురుగు త్వరగా పడతాయి; తడిలో నాలుగు నెలలు పడి ఉంటే బూజు పట్టి నల్లబడుతుంది. అందువల్ల వెంటనే కోయాలి, మందు పట్టించాలి, తొందరపడకుండా ఆరబెట్టాలి.

లెక్క కూడ ఆయనే వేసి చూపాడు. ఒక ఘనపుటడుగు కర్రను అంగుళం మందాన కోస్తే పన్నెండు చదరపు అడుగుల పలక వస్తుంది. 120 చదరపు అడుగులకు పది ఘనపుటడుగులు కావాలి. కోతలో, చిత్రికలో, ముడులున్న చోట్ల తీసివేతలో మూడవ వంతు పోతుంది. కనుక పదిహేను ఘనపుటడుగులు కోయించాలి. ఈ లెక్క తెలియకనే చాలామంది చవకగా కర్ర కొని, సగం పనిలో మళ్ళీ అడితికి పరుగెత్తుతారు.

ఇద్దరు మనుషులు చెరొక వైపు లాగే పెద్ద రంపంతో తోటలోనే పలకలు కోశారు. వాటికి బోరాక్సు, బోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణం పట్టించారు. చివరలు పగలకుండా రంగు పూశారు. తరువాత పశువుల శాలలో ఎండ తగలకుండా, గాలి ఆడేటట్లుగా, వరుసకూ వరుసకూ మధ్య సన్నని పుల్లలు ఉంచి పేర్చారు. రెండు నెలలకే ఉపాధ్యాయునికి ఆత్రం పుట్టింది. “మాస్టారూ, పచ్చి కర్ర అబద్ధం చెబుతుంది. ఎండిన తరువాత గాని దాని అసలు కొలత తెలియదు” అని వడ్రంగి వారించాడు. పచ్చి పలకలు పరచి ఉంటే మొదటి వేసవికే అవి ముడుచుకొనిపోయి, సందుల్లో వేళ్ళు దూరేవి. 2015 సంవత్సరమంతా కర్ర ఆరింది.

2016 మాఘమాసంలో పని మొదలైంది. గచ్చుమీద తేమ పైకి రాకుండా మందపాటి ప్లాస్టిక్ పట్టా పరచారు. దానిపై అడుగు ఎడంలో అడ్డకర్రలు అమర్చారు. ప్రతి పలకకూ ఒక అంచున గాడి, మరొక అంచున ఆ గాడిలో ఇమిడే నాలుక తీశారు. వానాకాలంలో కర్ర ఉబ్బుతుంది కనుక గోడల పొడుగునా అరంగుళం ఖాళీ వదలి, దానిని సన్నని పట్టీతో కప్పారు. చివరకు అవిసె నూనె రుద్దారు. కోత కూలి, వడ్రంగి కూలి, మందు, నూనె, మేకులు అన్నీ కలిపినా, టేకు కలప కొనడానికి మాత్రమే అయ్యే సొమ్ము కన్న తక్కువలో గది పూర్తయింది.

అయితే తల్లి ముందే రెండు నియమాలు పెట్టింది. వంటింటి వెనుక వసారా మట్టి నేలగానే ఉండాలన్నది మొదటిది. అలికిన నేల మీద కూర్చుంటే గాని ఆమెకు అన్నం తిన్నట్లుండదు. పడిన ఒక్కొక్క చెట్టుకు రెండేసి మొక్కలు నాటిన తరువాతనే చెక్క పరచాలన్నది రెండవది. కొడుకు రెండింటినీ పాటించాడు. 2015 వానలకే తోటలో కొత్త సిల్వర్ ఓక్ మొక్కలు నిలిచాయి.

చెక్క నేలకు చౌక మార్గం ఏదని అడిగేవారికి ఈ వృత్తాంతంలో సమాధానం ఉంది. పేరున్న కర్రే కావాలని పట్టుపట్టక, గదికి తగిన కర్రను ఎంచుకోవాలి. ఇల్లంతా కాక అవసరమున్న గదికే వేసుకోవాలి. దగ్గరలో పెరిగిన చెట్టును, ముఖ్యంగా పడిపోయిన చెట్టును వ్యర్థం కానీయరాదు. కర్ర ఆరే వరకు ఓపిక పట్టాలి. ఓపిక లేనివాడు ఆ లోటును డబ్బుతో పూడ్చుకోవలసి వస్తుంది. అన్నింటికీ మించి, తనకు తగ్గిన ధరను కొండ మీదకో, గెడ్డ మీదకో, పొరుగువాడి మీదకో నెట్టరాదు.

ఆ మరుసటి పుష్యమాసంలో మంచు ఎప్పటివలెనే దిగింది. తెల్లవారుజామున కొడుకు అలవాటు చొప్పున చేయి అందించడానికి తల్లి గదిలోకి వెళ్ళాడు. చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. ఆమె అప్పటికే లేచి, తోటలో భర్త నాటిన చెట్ల స్థానంలో పెరుగుతున్న మొక్కల మధ్య నెమ్మదిగా నడుస్తున్నది.