సలమాంకాలో నేర్చిన యొక క్రియాపదము

స్పెయినుదేశమున మాడ్రిడునగరమునకు వాయవ్యదిశను 200 కిలోమీటర్లకుఁ బైఁబడిన దూరమున, తోర్మెస్ నదీతీరమందు సలమాంకా యను పురాతనవిద్యానగరము గలదు. మా తమ్ముఁ డుద్యోగరీత్యా మాడ్రిడున నుండుటచే, ఒక వేసవిని మే మిరువురమును అచటికేఁగి సలమాంకాలో నాలుగుదినములు నిలిచితిమి. దేవళములను, వంతెనలను వర్ణించినవారు పెక్కురు గలరు. మేమో, ఆ యూర నేర్చుకొన్న యొక క్రియాపదమును గూర్చి సోదరీమణులకు విన్నవింపఁ దలఁచితిమి.

ఆ పురమంతయు బంగారువన్నె ఱాతికట్టడము. సమీపమందలి విల్యామయోర్ గ్రామపు గనులనుండి తీసిన యిసుకఱాయి మొదట మెత్తనిదై ఉలికి లొంగును. గాలి సోఁకినకొలఁది గట్టిపడి, అందలి యినుపపాలుచేఁ బసిఁడిచాయ దాల్చును. అచటి విశ్వవిద్యాలయమును 1218లో లియోనురాజగు తొమ్మిదవ అల్ఫాన్సో స్థాపించెను. దాని ముఖభాగమున లెక్కలేని శిల్పముల నడుమ, ఒక కపాలముపైఁ గూర్చున్న చిన్నికప్ప గలదు. ఒరుల సాయము లేక దానిని గనుఁగొన్న విద్యార్థి పరీక్షలో నెగ్గునని లోకుల నమ్మకము.

లోపల నొక పాఠశాల గలదు. అందలి బల్ల లనఁగా మొఱటుదూలములే. వానిపైఁ బూర్వవిద్యార్థులు కత్తిమొనలతోఁ జెక్కిన పేర్లు నేఁటికిని గానవచ్చును. ఎదుట నున్నతమైన యుపన్యాసపీఠము. ఈ గదికి ఫ్రాయ్ లూయిస్ దె లియోన్ అను సన్న్యాసికవి పేరు పెట్టిరి. ఆయన హీబ్రూపండితుఁడు. బైబిలుయొక్క లాటిను అనువాదముకంటె హీబ్రూమూలమునకు విలువ యిచ్చె ననియు, పరమగీతమును జనులాడు కాస్తీలుభాషలోనికిఁ దెచ్చె ననియు నేరము మోపి, మతవిచారణసభవా రాయనను 1572లో వయ్యదోలిద్ చెఱసాలలో నుంచిరి. ఆ యనువాదము లాటిను రాని యొక సన్న్యాసినికొఱకుఁ జేసినది! 1576 డిసెంబరులో విడుదల యయ్యెను.

ఆయన మరల పాఠము చెప్ప వచ్చిననాఁడు గది నిండిపోయెనఁట. అందఱును చెఱసాల కష్టముల నాలింపఁ గోరి యుండఁగా, ఆయన "దెథియామొస్ అయేర్" అని పాఠ మారంభించెనఁట. ఆ మాట తొలుత లాటినున నున్నది. 17వ శతాబ్దమున గ్రంథస్థమైన యైతిహ్యమే గాని, సలమాంకాలో దానిని దెలియనివారు లేరు.

"అయేర్" అనఁగా నిన్న. "దెథియామొస్" మాత్రము మాకు సులభముగా బోధపడలేదు. మేము బసచేసిన యింటి గృహిణి దయతో విడఁదీసి చెప్పినది. "దెథీర్" అనఁగాఁ జెప్పుట. దాని భూతరూపములలో "దీహో" అనఁగాఁ జెప్పెను, మాట ముగిసినది. "దెథీయ" అనఁగాఁ జెప్పుచుండెను, లేక చెప్పుచుండెడిది. మాట ముగియలేదు, లేదా పలుమాఱులు నడచినది. ఆ యమ్మ స్వర్గస్థురాలైన తన తల్లి సుద్దులు చెప్పునపుడెల్ల "దెథీయ" యనియే యనెను. ఒక్కసారి మాత్రము, తల్లి కడపటిదినమునఁ బలికిన మాటను జెప్పుచు, "దీహో" అనెను. అని, కొంతసేపు మాటాడకుండెను. వ్యాకరణ మంతటి బరువు మోయఁగలదని మాకు నాఁడు తెలిసినది.

చిన్ననాఁడు మా తండ్రిగారియొద్ద సంస్కృతము చదివినపుడు భూతకాలమునకు లఙ్, లుఙ్, లిట్ అను మూడు లకారము లేల యని విసిగెడివారము. లఙ్ అనద్యతనభూతమునకు, అనఁగా నేఁటిది కాని గతమునకు. ఇట్టి వివేకము కాస్తీలువారికిని గలదు. నేఁడు చెప్పినదానిని "ఎ దీచో" అనియు, నిన్న చెప్పినదానిని "దీహె" అనియు వేఱుచేయుదురు. అమెరికాఖండములలోని స్పానిషుభాషులు నేఁటిదానికిని తఱచు "దీహె" యనియే వాడుదురు.

ఇఁక "దెథియామొస్" అనఁగా "చెప్పుచుంటిమి." ఎవరు? మేమా, మనమా? స్పానిషున నీ భేదము లేదు. తెనుఁగున సర్వనామమునఁ గలదు గాని, "నిన్న చెప్పుచుంటిమి" యన్నచోఁ గ్రియ దానిని దాఁచును. కావున మన క్రియ యాతని మాటకుఁ జక్కఁగా సరిపోవుచున్నది. గురు వొక్కఁడే యనుకొన్న ననుకొనవచ్చును. శిష్యులనుగూడఁ గలుపుకొన్నాఁ డనుకొన్ననుకొనవచ్చును. మాకు "మనము" అనియే తోఁచినది. ఆయన "దిహీమొస్", అనఁగా "చెప్పితిమి" అని యుండిన, పాఠము చెఱసాలకు ముందే ముగిసినట్లగును. "చెప్పుచుంటిమి" యనుటచే వాక్యము తెంపులేక నిలిచినది. "నిన్న" యనుటచే నాలుగేండ్లకు మించిన కారాగార మొక్క రాత్రియైనది.

ఇట్టి మహనీయుఁడు 1583లో వివాహితస్త్రీధర్మములను గూర్చి యొక గ్రంథము ప్రకటించి, స్త్రీలకు మౌనమే భూషణమని బోధించెను. ఇది మాకు రుచింపలేదు. అయినను ఐదేండ్లకే, అనఁగా 1588లో, అవిలాపురపు తెరేసా యను యోగిని రచనలను ఆయనయే పరిష్కరించి సలమాంకాలో ముద్రింపించెను. ఆమె మౌనము వహింపక వ్రాయుటచేతనే గదా ఆయనకు ముద్రింప నేమైనఁ గలిగినది!

మనలో ననేకులకుఁ బెండ్లినాఁడో, తొలికాన్పునాఁడో చదువు నడిమి పుటలో నాఁగిపోయి యుండును. అట్టి పుస్తకము పెట్టెయడుగున నుండిన, "ఒకప్పుడు చదివితిమి" యని నిట్టూర్చుటకంటె, "నిన్న చదువుచుంటిమి" యని యా పుటనే తెఱచుట మేలు. వంటయింటిపని ముగిసినపిదప నొక్క యరగంట చాలును.