గ్రిగ్గు పిల్లలు

మా బడిలో ఆటల పోటీలంటే గ్రిగ్గే. అది తెల్లదొరల కాలం నాటి ఓ ఇంగ్లీషాయన పేరని పెద్దయ్యాక తెలిసింది. అప్పట్లో మాకది సంక్రాంతి లాంటి పండుగ పేరు.

1978 చివర్లో ఆ పోటీలు కృష్ణా డెల్టాలోని మా ఊరికొచ్చాయి. నెల ముందు నుంచే హడావిడి. గొడ్లు మేసే బడి మైదానాన్ని నీళ్ళు చల్లి, రోలరు లాగి చదును చేశారు. 400 మీటర్ల ట్రాకుకి చోటు చాలక 200 మీటర్లది గీశారు. డ్రిల్లు మాస్టారు తాడు పట్టుకుని ముందు నడుస్తుంటే, సున్నం బకెట్టుతో వెనకాల మేం. 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పున బాల్ బ్యాడ్మింటన్ కోర్టు గీసిన సాయంత్రం ఆ పచ్చటి ఉన్ని బంతిని మొదటిసారి చేత్తో పట్టుకున్నాను. కోడిపిల్లంత మెత్తగా ఉంది.

ఇంటికి కుంచెడు చొప్పున బియ్యం పోగయ్యాయి. ఏ పూట వంట ఏ బజారుదో పంచాయతీ అరుగు మీద తేల్చుకున్నారు. మగపిల్లలకి తరగతి గదుల్లో కొత్త వరిగడ్డి పరిచి, పైన జంపఖానాలు వేశారు. ఆడపిల్లలు మాత్రం ఇళ్ళల్లోనే. మా ఇంటికి నలుగురు వచ్చారు, దివిసీమ నుంచి.

అంతకు ముందటి ఏడాది, 1977 నవంబరు 19న, ఆ సీమని ఉప్పెన ముంచేసింది. సర్కారు లెక్కలోనే దాదాపు 10 వేల మంది పోయారు. వాళ్ళు రాకముందే నాన్నమ్మ మా అందరినీ కూర్చోబెట్టి చెప్పింది: "ఉప్పెన మాట మీరెత్తకండి. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి."

వాళ్ళు చెప్పలేదు. అన్నం తిన్నారు, అక్కతో అష్టాచెమ్మా ఆడారు. రాత్రి గాలికి కొబ్బరి మట్టలు గలగలమంటే మాత్రం వాళ్ళలో ఒకమ్మాయి లేచి కూర్చుంది. అమ్మ ఏమీ అడగలేదు. లాంతరు వత్తి పెంచి, తెల్లవార్లూ ఆ పిల్ల పక్కనే పడుకుంది.

మర్నాడు ఖోఖోలో మా బడికీ వాళ్ళకీ పడింది. మా అక్క కూడా ఆడుతోంది. ఆ అమ్మాయికి కాళ్ళకి బూట్లు లేవు. వెనక నుంచి "ఖో" వినబడిందో లేదో లేచి, స్తంభం దగ్గర మలుపు తిరగబోతున్న అక్కని ఒక్క దూకులో అంటుకుంది. జనంలోంచి మొదట చప్పట్లు కొట్టింది మా అమ్మే. ఆ సాయంత్రం అక్క అన్నం దగ్గరికి రాలేదు. వెళ్ళి పిలుచుకొచ్చింది ఆ అమ్మాయే. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. ఆ గెలుపూ ఓటమీ నాకిప్పటికీ ఆ కంచంతోనే గుర్తు.

వెళ్ళే రోజు అమ్మ సత్తు క్యారియరు నిండా సున్నుండలు పెట్టి ఇచ్చింది. క్యారియరు సంగతి మేం మర్చిపోయాం కూడా. సంక్రాంతి వెళ్ళాక ఒక మధ్యాహ్నం బస్సు కండక్టరు దాన్ని తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. అమ్మ మూత తీసింది. నిండా ఎండు రొయ్యలు.