పౌరుష గ్రంథి: మామయ్య చెప్పని మాట

మగవాళ్ల జబ్బుల్లో ఒకటుంది. దాని సంగతి వాళ్లు నోరు విప్పి చెప్పేలోపే ఇంట్లో ఆడవాళ్లకు తెలిసిపోతుంది. రాత్రిపూట మూడుసార్లు, నాలుగుసార్లు తలుపు గడియ చప్పుడవుతుంది. బాత్‌రూమ్‌కి వెళ్లిన మనిషి ఒక పట్టాన బయటికి రాడు. ఉతకడానికి వేసిన పంచెలో తేడా కనిపిస్తుంది. పెళ్లికి వెళదాం రమ్మంటే "నేనెందుకులే, మీరు వెళ్లిరండి" అంటాడు. ఇవన్నీ విడివిడిగా చూస్తే వయసు మీదపడిందిలే అనుకుంటాం. కలిపి చూస్తే మాత్రం ప్రోస్టేట్ సంగతి గుర్తుకు రావాలి.

మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి అది. వయసులో ఉన్నప్పుడు అక్రోటు కాయంత ఉంటుంది, బరువు 20 గ్రాములు. వయసు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. యాభైల్లో ఉన్న మగవాళ్లలో దాదాపు సగం మందికి, 80 దాటినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది దాకా ఈ పెరుగుదల ఉంటుంది. అందరికీ బాధ ఉండదు. ఉన్నవాళ్లకు మాత్రం మధ్యలో ఉన్న నాళం నొక్కుకుపోయి, ధార సన్నబడుతుంది, ఆగి ఆగి వస్తుంది, పోసినా ఇంకా మిగిలినట్టే ఉంటుంది.

తెలుగులో దీన్ని పౌరుష గ్రంథి అంటారు. పేరులోనే పౌరుషం పెట్టాక, దానికి జబ్బు చేసిందని ఏ మగాడు చెప్పుకుంటాడు చెప్పండి! మా మామయ్యా చెప్పలేదు. ఆయనకు 71 ఏళ్లు. బోనకల్ దగ్గర మాకున్న మిరప చేను ఇప్పటికీ ఆయనే చూసుకుంటారు. ఒక ఎండాకాలం కల్లంలో మిరపకాయలు ఆరబోసినప్పుడు, తీసుకెళ్లిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తిరిగొస్తోందని అత్తయ్య కనిపెట్టింది. నీళ్లు తాగితే లేవాల్సి వస్తుందని తాగడం మానేశారట. కోడలితో చెప్పే విషయం కాదు కదా, ఆయన అత్తయ్యకే చెప్పలేదు. అత్తయ్య గమనించి నాతో అంది, నేను మా వారితో అన్నాను.

అల్లోపతి డాక్టరు దగ్గరికి రానన్నారు. "కోస్తారు" అని భయం. ఆయుర్వేదమైతే సరేనన్నారు. అందుకని రైలెక్కి విజయవాడలో ఒక ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళ్లాం. ఆయన మందు రాయడానికి ముందే స్కానింగ్, పీఎస్ఏ రక్తపరీక్ష, క్రియాటినిన్, షుగరు చేయించుకు రమ్మన్నారు. షుగరున్నా రాత్రి ఎక్కువసార్లు లేస్తారు, క్యాన్సరైనా మొదట్లో ఇలాగే ఉండొచ్చు, అవి లేవని తేల్చుకున్నాకే నా పని మొదలవుతుంది అన్నారు. ఆ మాటతోనే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. మామయ్య గ్రంథి 52 గ్రాములుందని తేలింది. మిగతావన్నీ బాగానే ఉన్నాయి.

ఏడు ప్రశ్నలున్న కాగితం ఒకటి ఇచ్చారు. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ధార ఎలా ఉంది, ముక్కాల్సి వస్తోందా, ఇలాంటివి. ప్రతిదానికీ 0 నుంచి 5 మార్కులు, మొత్తం 35. ఏడు లోపు వస్తే తక్కువ బాధ, 8 నుంచి 19 మధ్యరకం, 20 దాటితే ఎక్కువ. వరండాలో కూర్చుని మా వారు అడుగుతుంటే మామయ్య జవాబు చెప్పారు. 21 వచ్చింది. ఇన్నాళ్లూ ఒక్కరే మోసిన బాధకు ఒక అంకె వచ్చేసరికి ఆయనకే కాస్త తేలికైనట్టుంది.

నేను బీఏ తెలుగు చదివినదాన్ని, మాటలంటే ఆసక్తి. వైద్యుడు 'వాతాష్ఠీల' అన్నప్పుడు అర్థం అడిగాను. అష్ఠీల అంటే గుండ్రటి రాయి. సుశ్రుత సంహితలో ఉత్తర తంత్రం 58వ అధ్యాయం మూత్రాఘాతాల గురించి ఉంటుంది. మూత్రం అడ్డగించే జబ్బులు అందులో పన్నెండు చెప్పారు. మలద్వారానికీ మూత్రాశయానికీ మధ్య రాయిలాంటి గట్టి గడ్డ ఏర్పడి దారి మూసేస్తుందన్నది అందులో ఒకటి. ఇప్పటి ప్రోస్టేట్ వాపుకు దగ్గరగా ఉండే వర్ణన అదే.

మందులుగా పల్లేరు, గలిజేరు, ఉలిమిరి బెరడు కలిసిన కషాయం, గోక్షురాది గుగ్గులు మాత్రలు ఇచ్చారు. గోక్షురమంటే చేలో నడిస్తే కాళ్లకు గుచ్చుకునే మన పల్లేరు కాయే. "జీవితమంతా తిట్టుకున్న ముల్లు ఇప్పుడు మందైంది" అని మామయ్య నవ్వారు. ఈ మూలికల మీద మన దగ్గర జరిగినవి చిన్న చిన్న పరిశోధనలేననీ, బాధ తగ్గొచ్చు గానీ పెరిగిన గ్రంథి కరిగిపోతుందని మాట ఇవ్వననీ వైద్యుడే చెప్పారు.

మందుకంటే దినచర్యే ఎక్కువ చెప్పారు. నీళ్లు పగలంతా తాగాలి, సాయంత్రం ఆరు తర్వాత తగ్గించాలి. చీకటి పడ్డాక టీ వద్దు. మలబద్ధకం ఉంటే మూత్రాశయం మీద ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి రాత్రి త్రిఫల చూర్ణం. నడుము దాకా గోరువెచ్చని నీళ్లలో పావుగంట కూర్చోవడం, దీన్నే అవగాహ స్వేదం అంటారు. మేం పెద్ద ప్లాస్టిక్ టబ్బు కొన్నాం. అన్నిటికంటే ముఖ్యం, వచ్చిన మూత్రాన్ని ఆపుకోకూడదు. చరకుడు ఆపకూడని వేగాలు 13 అని చెప్పి, అందులో మొదట మూత్రాన్నే పెట్టాడు. బస్సుల్లో, పెళ్లిళ్లలో గంటలకొద్దీ ఆపుకునే మనకు కూడా వర్తించే మాటే ఇది.

మూడు నెలల్లో మార్కులు 15కి దిగాయి. ఆ తర్వాత చలికాలం వచ్చింది. జలుబు చేసిందని మామయ్య ఒక మందుల షాపులో మాత్రలు కొనుక్కుని రెండు రోజులు వేసుకున్నారు. మూడో రోజు సాయంత్రానికి చుక్క మూత్రం రాలేదు. పొత్తికడుపు రాయిలా ఉబ్బింది. పక్కింటి పెద్దమ్మ వచ్చి, మోదుగ పూలు వెచ్చచేసి కడుపు మీద కట్టు కట్టమంది. మా అడవి పల్లెల్లో అది పాత వైద్యమే, ఆవిడ మంచికే చెప్పింది. మామయ్య కూడా "పొద్దున చూద్దాంలే" అన్నారు. అప్పటిదాకా ఆయన మాటకు ఎదురుచెప్పని అత్తయ్య "పొద్దున దాకా ఆగితే కిడ్నీలు పోతాయి, లేవండి" అని కేకేసింది. వైద్యుడికి ఫోన్ చేస్తే ఆయనా అదే అన్నారు: "నా మందులన్నీ పక్కన పెట్టండి, ఖమ్మం తీసుకెళ్లండి, గొట్టం వేయాలి." రాత్రి ఖమ్మంలో గొట్టం వేస్తే లీటరుకు దగ్గరగా వచ్చింది. మామయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ లాంటి మందులు ప్రోస్టేట్ పెరిగినవాళ్లకు ఇలా మూత్రం బిగించేస్తాయి. ఈ ఒక్క ముక్క మాత్రం రాసిపెట్టుకోండి.

ఇప్పుడు ఆయన టామ్సులోసిన్ మాత్ర వేసుకుంటున్నారు. అది నాళం చుట్టూ ఉన్న కండరాన్ని వదులు చేస్తుంది. వేసుకున్న కొత్తలో గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి, నెమ్మదిగా లేవాలి. కంటి శుక్లం ఆపరేషన్ చేయించుకునేటప్పుడు ఆ డాక్టరుకు ఈ మాత్ర సంగతి ముందే చెప్పాలి. ఆయుర్వేద కషాయం, టబ్బు, త్రిఫల కొనసాగుతున్నాయి. రెండు చీటీలూ ఇద్దరు డాక్టర్లకూ చూపిస్తాం, ఎవరి దగ్గరా ఏదీ దాచం.

డాలస్‌లో ఉండే మా మరిది సా పామెట్టో సీసాలు పంపిస్తానన్నాడు. అక్కడ 225 మంది మీద ఏడాదిపాటు పరీక్షించి, ఉత్త మాత్రకంటే దానివల్ల ఎక్కువ మేలేమీ లేదని 2006లోనే తేల్చారు, వద్దన్నాం. ఇంటర్నెట్‌లో అమ్మే పేరు తెలియని పొడులు కూడా వద్దు. 2008లో అమెరికాలో 193 రకాల ఆయుర్వేద మందులు ఇంటర్నెట్‌లో కొని పరీక్షిస్తే, ఐదింట ఒకదానిలో సీసమో, పాదరసమో, ఆర్సెనికో దొరికింది. ఆయుర్వేదాన్ని గౌరవించేవాళ్లు వైద్యుడి దగ్గరికి వెళ్లాలి, ప్రకటనల దగ్గరికి కాదు.

మూత్రం పూర్తిగా ఆగిపోయినా, రక్తం కనిపించినా, చలిజ్వరంతో మంట వచ్చినా ఏ కషాయం కోసమూ ఆగకండి. ఆ రోజు ఆసుపత్రే.

కిందటి వారం మళ్లీ ఏడు ప్రశ్నలూ అడిగాం, 11 వచ్చింది. రాత్రి రెండుసార్లు లేస్తున్నారు. నీళ్ల సీసా ఖాళీగా తిరిగొస్తోంది.

కోడలు మామగారిని అడగలేని మాట కూతురు తండ్రిని అడగగలదు. ఈసారి పుట్టింటికి ఫోన్ చేసినప్పుడు అమ్మతో మాట్లాడి పెట్టేయకుండా, ఫోన్ నాన్నకు ఇమ్మనండి. "నాన్నా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు?" అని అడగండి. ఏం లేదమ్మా అంటారు. ఇంకోసారి అడగండి.