పెద్దన్న ఎక్కిన విమానం

మొన్న రాత్రి మా రూంల ఎవ్వరం నిద్రపోలేదు. పంతొమ్మిది రోజులు కాగితాల కోసం తిరిగితే, ఆఖరికి మా పెద్దన్న శవపెట్టె దుబాయ్‌ల హైదరాబాద్ విమానం ఎక్కింది. వెంట పోయేందుకు మాలో ఒక్కరికీ సెలవు దొరకలేదు. అయిదుగురం ఒక్క ఫోన్ చుట్టూ కూర్చొని, మ్యాప్‌ల ఆ విమానాన్నే చూసుకుంట ఉన్నాం.

అదెట్లా కనపడతదో టవర్ల పని చేసే తమ్ముడు చెప్పిండు. విమానం తాను ఎక్కడున్నదో, ఎంత ఎత్తుల ఉన్నదో 1090 మెగాహెర్ట్జ్ మీద సెకనుకు దాదాపు రెండుసార్లు చెప్పుకుంట పోతదట. కింద ఎవరో తమ మిద్దె మీద చిన్న యాంటెన్నా పెట్టి, టీవీ కోసం చేసిన యూఎస్‌బీ రిసీవర్‌తోనే ఆ సిగ్నల్ పట్టి ఇంటర్నెట్‌ల పంపుతరు. చాలామంది పైసా తీసుకోరు. ఒక యాంటెన్నాకు మహా అయితే 400, 450 కిలోమీటర్లు అందుతది. భూమి గుండ్రం కదా, అంతకు మించితే విమానం దానికి కనపడదు.

ఒమన్ తీరం దాటినంక బొమ్మ మాయమైంది. మా గుండె జారింది. "సముద్రంల వినేటోళ్లు లేరన్నా, అంతే. విమానం పోతనే ఉంటది" అన్నడు తమ్ముడు. ముప్పావు గంట ఎవ్వరం మాట్లాడలేదు. ముంబై దిక్కు ఎవరిదో మిద్దె మళ్లీ పట్టుకుంది.

శంషాబాద్‌ల దిగంగనే ఫోన్ చేసి, "అన్న వచ్చిండు వదినా" అని చెప్పినం. తర్వాత డ్యూటీ బస్సు ఎక్కినం.

ఊర్ల మిద్దె, ఇంటర్నెట్ ఉన్న తమ్ముళ్లు వీలైతే ఒక యాంటెన్నా పెట్టండి. ఇక్కడ మా లాంటోళ్లు ఎవరో చూస్తుంటరు.